దారిని బట్టి టైరు

సైకిలు కొనేటప్పుడు అందరం రంగు చూస్తాం. గేర్లు ఎన్నో లెక్కపెడతాం. బ్రేకు నొక్కి చూస్తాం. బెల్లు మోగించి మురిసిపోతాం. టైర్లను మాత్రం ఎవరం పట్టించుకోం. వాటిదేముంది, సైకిలుతో పాటు వస్తాయి కదా అనుకుంటాం. వాటి సంగతి గుర్తొచ్చేది అవి అరిగిపోయాకే. అప్పుడు కూడా షాపులో ఏది ఇస్తే అది వేయించుకుని వచ్చేస్తాం. చెప్పుల జత కోసం నాలుగు కొట్లు తిరిగే మనం, సైకిలు టైరుకు నాలుగు నిమిషాలు కేటాయించం.

నిజానికి సైకిలుకూ నేలకూ మధ్య ఉన్న బంధమల్లా ఆ టైరే. నేను లెక్కల మాస్టారిని కాబట్టి ఓ చిన్న లెక్క చెబుతాను. వెనుక చక్రం మీద 45 కిలోల బరువు పడుతోందనుకోండి. టైరులో గాలి 40 పీఎస్‌ఐ ఉందనుకోండి. అంటే చదరపు అంగుళానికి 40 పౌన్ల ఒత్తిడి. 45 కిలోలంటే సుమారు 99 పౌన్లు. 99ని 40తో భాగిస్తే దాదాపు రెండున్నర వస్తుంది. అంటే ఆ చక్రం నేలను ఆనుకునే చోటు ఇంచుమించు రెండున్నర చదరపు అంగుళాలు... ఒక అగ్గిపెట్టెంత! ముందు చక్రం మీద బరువు ఇంకా తక్కువ కాబట్టి దాని కింద అంత కూడా ఉండదు. తొక్కే మనిషి, వీపున పుస్తకాల సంచి, సైకిలు... అన్నీ కలిసి ఈ రెండు అగ్గిపెట్టెల మీదే పరుగెడుతున్నాయన్నమాట. బ్రేకు పడినా, మలుపు తిరిగినా, తడి రోడ్డు మీద జారకుండా నిలబడినా అంతా ఆ కాస్త రబ్బరు చలవే.

ఆ రెండు అగ్గిపెట్టెల మీద రోజూ వెళ్ళి వచ్చేది మన కూతురైతే? అప్పుడు టైరు కొనడం నాలుగు నిమిషాల పని కాదు. మా ఇంట్లో దానికి రెండు వారాలు పట్టింది.

మూడోసారైతే హాస్టలే!

మాది అనంతపురానికి 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె. అమ్మాయి 2024 జూన్‌లో టౌన్లో ఇంటర్ మొదటి సంవత్సరం చేరింది. ఊరికి బస్సు ఉంది కానీ దాని వేళలకూ కాలేజీ వేళలకూ కుదరదు. నా బడి ఇంకో దిక్కున. అందుకని వాళ్ళన్న బెంగళూరులో ఉద్యోగానికి వెళుతూ వదిలేసిన మౌంటెన్ బైకే దిక్కయింది. మా ఊళ్ళో దాన్ని 'గేర్ సైకిలు' అంటారు. లావుపాటి టైర్లు, వాటి మీద బుడిపెలు. షాపుల్లో వీటికి 'బటన్ టైర్లు' అని పేరు. ఆ సైకిలు మీద వెళుతుంటే అమ్మాయికి గుర్రమెక్కినంత సంబరం.

ఆగస్టులో ఒకే వారంలో రెండుసార్లు పంక్చరయింది. మొదటిసారి ఊరి పొలిమేరలోనే కాబట్టి సరిపోయింది. రెండోసారి సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేటప్పుడు, సరిగ్గా సగం దారి దాటాక. ఆ మూడు కిలోమీటర్లూ సైకిలు తోసుకుంటూ నడిచి, చీకటి పడ్డాక ఇల్లు చేరింది. దారి పొడవునా కంపచెట్లు తప్ప ఒక్క ఇల్లు లేదు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు.

ఆ రాత్రి మా ఆవిడ గొంతు పెంచలేదు. అందరికీ అన్నం పెట్టి, తను కూడా తిని, గిన్నెలు సర్దుతూ ఒకే మాట అంది. "ఇంకొక్కసారి ఇట్లయితే ఆ సైకిలు మూలన పెట్టండి. పాపను హాస్టల్లో చేర్పిద్దాం."

అమ్మాయి ముఖం మాడిపోయింది. "పంక్చరైతే టైరు మార్చల్ల గానీ నన్ను మారుస్తారా?" అని గొణుక్కుంది. ఆ మాట మా ఆవిడ వినలేదు. నేను విన్నాను. మర్నాటి నుంచి నాకు టైర్ల మీద ఆసక్తి పుట్టిందంటే పుట్టదా మరి!

అరిగిన టైరు చెప్పే కథ

ఆదివారం పొద్దున సైకిలును వాకిట్లో తలకిందులుగా నిలబెట్టాం. వెనుక టైరు నడిమి వరుస బుడిపెలు అరిగి చదునైపోయాయి. ఒకచోట లోపలి దారాలు కూడా బయటపడ్డాయి. విచిత్రమేమిటంటే పక్క వరుసల బుడిపెలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. అచ్చులో పోసినప్పుడు మిగిలే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా వాటి మీద అక్కడక్కడా అలాగే ఉన్నాయి.

అంటే ఏమిటి? ఈ టైరు ఏ కొండా ఎక్కలేదు, ఏ బురద లోయలోనూ వాలి మలుపు తిరగలేదు. తారు రోడ్డు మీద నిటారుగా పోయి పోయి నడుమ అరిగింది. పక్కల ఉన్న సరుకంతా వాడకుండానే మిగిలిపోయింది. మౌంటెన్ బైక్ అన్న పేరే గానీ అది చూసిన మౌంటెన్ లేదు. మన ఊళ్ళలో తిరిగే గేర్ సైకిళ్ళలో చాలావాటి కథ ఇదే. మీ ఇంట్లో ఉన్నదాన్ని ఒకసారి తిప్పి చూడండి.

ముందు టైరు వెనుకదానంత అరగలేదు. బరువులో ఎక్కువ వంతు వెనుక చక్రం మీదే పడుతుంది, తొక్కే బలం కూడా దాని మీదే వెళుతుంది కాబట్టి వెనుకది ముందుగా అరుగుతుంది. అయితే రెండు టైర్ల పక్కగోడల్లోనూ సన్నటి పగుళ్ళు వచ్చాయి. ఎండకూ, గాలిలోని ఓజోన్‌కూ రబ్బరు అట్లా బీటలు వారుతుంది. చాలినంత గాలి లేకుండా నడిపితే పక్కగోడ ప్రతి చుట్టుకూ మడతపడి ఇంకా తొందరగా చెడుతుంది.

ఇక ట్యూబు. నీళ్ళ బక్కెట్లో ముంచి చూస్తే రెండు పంక్చర్ల తీరూ వేరని తెలిసింది. ఒకటి కంపముల్లు గుచ్చిన సూదిబెజ్జం. రెండోది పక్కపక్కనే రెండు గాట్లు, అచ్చం పాము కాటేసినట్టు! ఇది ముల్లు పని కాదు. టైరులో గాలి తగ్గినప్పుడు చక్రం రాయి మీదో గుంత అంచు మీదో దబ్బున పడితే, ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి రెండుచోట్ల తెగుతుంది. ఎంత ఖరీదైన టైరు వేసినా గాలి లేకపోతే ఈ కాటు తప్పదు. ముల్లుకు టైరు మందు, గాటుకు గాలి మందు. రెండు జబ్బులకూ ఒకటే మాత్ర పనిచేయదని అక్కడే తేలిపోయింది.

ఈ బుడిపెలు ఎక్కడివి?

అసలు మన సైకిలుకు ఈ బుడిపెల టైర్లు ఎందుకొచ్చాయి? ఆ కథ అమెరికాలో మొదలైంది. 1933లో ష్విన్ అనే కంపెనీ పిల్లల సైకిళ్ళకు రెండంగుళాలకు పైగా లావున్న 'బెలూన్' టైర్లు వేసింది. 26 అంగుళాల చక్రానికి అవి బాగా కుదిరాయి. నలభై ఏళ్ళ తర్వాత, 1970ల్లో, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి మౌంట్ టమల్‌పైస్ కొండ మీద కొందరు కుర్రాళ్ళకు సరదా పుట్టింది. మూలనపడ్డ ఆ పాత సైకిళ్ళను బాగుచేసుకుని, కొండ మీది మట్టి దారుల్లో కిందికి దూకించడం మొదలెట్టారు. 1976 నుంచి అక్కడ 'రీప్యాక్' అనే పందెం కూడా నడిచింది. ఒక్కసారి కొండ దిగేసరికి బ్రేకు వేడికి వెనుక హబ్బులోని గ్రీజు పొగలై పోయేదట! మళ్ళీ గ్రీజు దట్టిస్తే గానీ సైకిలు కదిలేది కాదు. అందుకే ఆ పేరు.

గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, టామ్ రిచీ లాంటి వాళ్ళు ఆ కొండ దారుల నుంచి వచ్చినవాళ్ళే. 1981లో స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైక్ ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున తయారై బజారులోకి వచ్చింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లోనూ మౌంటెన్ బైక్ పందెం చేరింది. వదులు మట్టిలో, గులకరాళ్ళలో ఆ బుడిపెలు గోళ్ళలా నేలలోకి దిగి పట్టు ఇస్తాయి. అక్కడ అవి లేకపోతే ప్రాణాపాయమే.

తారు రోడ్డు మీద కథ వేరు. గట్టి నేలలోకి బుడిపె దిగలేదు కదా! పైపైన ఆనుకుని ఒరుగుతుంది. అందుకే మలుపులో సైకిలు వణికినట్టుంటుంది. గుయ్‌మని మోత వస్తుంది. తొక్కే బలంలో కొంత ఆ బుడిపెలు వంచడానికే ఖర్చయిపోతుంది. పొద్దున్నే 8 కిలోమీటర్లు తొక్కాల్సిన పిల్లకు ఇది చిన్న సంగతి కాదు. కొన్న కొత్తలో రెండు నెలలు తొక్కి, తర్వాత 'అబ్బా, బరువుగా ఉంది' అని బాల్కనీలో నిలబెట్టేసిన గేర్ సైకిళ్ళు ఎన్ని లేవు? వాటిలో చాలావాటి జబ్బు గేర్లలో లేదు. ఆ బుడిపెల్లోనూ, చాలీచాలని గాలిలోనూ ఉంది.

"మరి వానలో నున్నటి టైరు జారదా?" అని మా ఆవిడ అడిగింది. అందరికీ వచ్చే అనుమానమే. కారు టైరుకు గాళ్ళు ఉండేది నీటిని బయటికి తోయడానికి. కారు టైరు వెడల్పు, బల్లపరుపు, వేగం కూడా ఎక్కువ. సైకిలు టైరు సన్నం, గుండ్రం. మనం వెళ్ళే వేగానికి అది నీటిని పడవ ముక్కులా తనే పక్కలకు చీల్చుకుంటూ పోతుంది. కాబట్టి తడి తారు మీద బుడిపెల కంటే నిండుగా ఆనుకునే రబ్బరే మేలు. రోడ్డు మీది తెల్ల పెయింటు గీతలు, మ్యాన్‌హోల్ మూతలు మాత్రం తడిస్తే ఏ టైరునైనా జారుస్తాయి. అక్కడ టైరు కాదు, మనం జాగ్రత్తపడాలి.

1.5, ఒకటిన్నర ఒకటి కాదట!

టైరు పక్కన ఉబ్బెత్తుగా పోసిన అంకెల దగ్గర మా లెక్కలశాస్త్రం బోర్లాపడింది. మా సైకిలు టైరు మీద 26 x 1.95 అని ఉంది. 26 చక్రం సైజు, 1.95 టైరు లావు, రెండూ అంగుళాల్లో. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ 26 x 1.5 అని రాసిన టైరూ, 26 x 1½ అని రాసిన టైరూ ఒక్కటేనా? ఐదో తరగతి పిల్లాడిని అడిగినా ఒక్కటే అంటాడు. సైకిలు షాపులో మాత్రం కాదు! ఒకటి ఎక్కే రిమ్ముకు రెండోది ఎక్కదు.

దీనికి కారణం, 26 అన్నది రిమ్ము కొలత కాదు. గాలి నింపిన టైరు బయటి కొలతను పూర్వం ఉజ్జాయింపుగా అట్లా చెప్పుకునేవారు. ఏ దేశం వాళ్ళు ఆ దేశపు పద్ధతిలో రిమ్ములు చేసుకున్నారు. అన్నీ '26'లే అయ్యాయి. ఈ గందరగోళం తీరడానికి ఇప్పుడు టైరు మీద మిల్లీమీటర్లలో ఇంకో జత అంకెలు వేస్తున్నారు. మాదాని మీద 50-559 అని ఉంది. 50 టైరు లావు. 559 టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం. నమ్మాల్సింది ఈ రెండో అంకెనే.

దశాంశాల్లో రాసిన 26 అంగుళాల మౌంటెన్ బైక్ టైరైతే 559. భిన్నంలో 26 x 1½ అని ఉంటే 584. మామూలు సైకిళ్ళలో కనిపించే 26 x 1⅜ అయితే 590. మా నాన్నగారి కాలం నాటి 28 x 1½ పెద్ద సైకిలుకు 635. కొత్త మౌంటెన్ బైకుల్లో 27.5 అంటున్నది 584, 29 అంటున్నది 622. తమాషా చూడండి... పాత 26 x 1½, కొత్త 27.5 రెండూ కూర్చునే కొలత ఒక్కటే! కాబట్టి టైరు కొనడానికి వెళ్ళేముందు పాత టైరు మీది ఆ రెండో అంకెను చీటీ మీద రాసుకోండి. లేదంటే ఫోన్లో ఫొటో తీసుకోండి. తిరుగు ప్రయాణం తప్పుతుంది.

ముళ్ళు ఇచ్చిపుచ్చుకున్నాం

సైజు తేలింది. ఇక అసలు శత్రువు సంగతి చూడాలి. ఒక సాయంత్రం నేనే ఆ సైకిలెక్కి కాలేజీ దాకా వెళ్ళొచ్చాను. జేబులో డైరీ పెట్టుకుని, ఎక్కడెక్కడ ఏ నేల ఉందో రాసుకున్నాను. ఐదున్నర కిలోమీటర్లు తారు. రెండు కిలోమీటర్లు గరుసు దారి. వంక దాటే చోట ఓ అర కిలోమీటరు ఇసుక. ఆ గరుసు దారికి రెండు పక్కలా కంపచెట్లు, ఇసుకలో పల్లేరు తీగలు.

మా సీమలో కంపచెట్టు అనీ, మరికొన్ని చోట్ల సర్కారు తుమ్మ అనీ పిలిచే ఈ చెట్టు మనది కాదు. అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1870ల్లో వంటచెరకు కొరత తీరుతుందని మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు విత్తనాలు తెప్పించి, కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. వంటచెరకైతే దొరికింది గానీ చెట్టు మాత్రం అడక్కుండానే ఊరూరూ అల్లుకుంది.

పల్లేరుకాయ సంగతి ఇందుకు తలకిందులు. అది పాత ప్రపంచపు వెచ్చని దేశాల మొక్క. మన చేలగట్ల మీద ఎప్పటినుంచో ఉన్నదే. అది అమెరికా చేరి అక్కడి సైకిళ్ళను పట్టి పీడించింది. వాళ్ళు దానికి పెట్టిన పేరే 'పంక్చర్ తీగ'! కాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది. ఒక్కో ముక్క ఎట్లా పడినా దాని ముల్లు పైకే చూస్తుంది. బాధ పడలేక అమెరికావాళ్ళు 1961లో రెండు రకాల ముక్కుపురుగులను తెచ్చి ఆ తీగల మీదికి వదిలారు. ఆ పురుగుల సొంత ఊర్లలో మన దేశం కూడా ఉంది. వాళ్ళ కంప మనకొచ్చింది, మన వైపు పల్లేరు వాళ్ళకు పోయింది. ముళ్ళు ఇచ్చిపుచ్చుకున్నామన్నమాట!

ఈ ముళ్ళను ఆపడానికి దారులు నాలుగున్నాయి. మొదటిది, టైరులోనే నడి భాగం కింద అదనపు రబ్బరు పొరో, కెవ్లార్ పట్టీయో ఉన్నది కొనడం. కెవ్లార్ అంటే 1965లో స్టెఫానీ క్వోలెక్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన గట్టి దారం. తూటా ఆపే చొక్కాల్లో వాడేది అదే. రెండోది, టైరుకూ ట్యూబుకూ మధ్య విడిగా ఓ పట్టీ వేయడం. మన మెకానిక్కులు పాత ట్యూబు కోసి వేస్తుంటారే, అదే ఉపాయం. మూడోది, మందపాటి ట్యూబు. నాలుగోది, ట్యూబులో పోసే ద్రవం. ముల్లు దిగినచోట అది గడ్డకట్టి బెజ్జం పూడ్చేస్తుంది. ప్రతిదానికీ ఓ ఖరీదుంది. పొరలు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, తొక్కడం కష్టమవుతుంది. ద్రవం పోసిన ట్యూబు మీద ప్యాచ్ అంటుకోవడం కష్టం. అన్నీ ఒకేసారి వేస్తే పంక్చర్ రాదు గానీ, సైకిలు కూడా కదలదు!

షాపులో మూడు టైర్లు

ఈలోగా మావాడు బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. "నాన్నా, 2.35 బటన్ టైర్లు వేయించండి. లుక్ అదిరిపోతుంది" అన్నాడు. చక్రానికీ ఫ్రేముకీ మధ్య సందు కొలిచి చూశాను. మడ్‌గార్డులు బిగించి ఉన్నాయి కాబట్టి అంత లావు టైరు తిరిగే చోటే లేదు. మట్టి అంటుకున్నా ఒరుసుకోకుండా ఉండాలంటే టైరు చుట్టూ కనీసం చిటికెన వేలు దూరేంత ఖాళీ ఉండాలి. "రా, సంక్రాంతికి వచ్చినప్పుడు నీ బైకుకు వేయించుకో" అన్నాను.

తర్వాతి ఆదివారం అమ్మాయినీ వెంటబెట్టుకుని టౌన్లో సైకిలు షాపుకు వెళ్ళాను. షాపు పెద్దాయన నలభై ఏళ్ళుగా పంక్చర్లు వేస్తున్న మనిషి. పాత టైరు చేత్తో తడిమి, "ఇంగ దీని పని అయిపోయింది సార్" అన్నాడు. బల్ల మీద మూడు టైర్లు పెట్టాడు. మూడూ 559 కొలతవే.

మొదటిది పాతదాని లాంటి బటన్ టైరు. అన్నిటికంటే చవక. రెండోది నడుమ ఎడతెగని రబ్బరు పట్టీ, పక్కల పొట్టి బుడిపెలు. లోపల ముళ్ళనాపే పొర. ధర మొదటిదానికి రెట్టింపు పైనే. మూడోది విదేశీ కంపెనీది. అంచులో ఇనుప తీగ బదులు గట్టి దారం ఉంటుంది కాబట్టి మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. దేశీ టైర్లు రెండూ మూడంకెల ధర. ఇది నాలుగంకెలు. టైరు బట్టలో అంగుళానికి ఎన్ని దారాలో కూడా దాని మీద రాశారు. దారాలు ఎక్కువైతే అంత సన్నటి నేత. తేలికగా, మెత్తగా దొర్లుతుంది. కానీ పక్కగోడ పలుచన. మా గరుసు రాళ్ళకు అది నైలెక్సు చీరతో కంపలోకి పోయినట్టే!

పెద్దాయన మొదటిదే తీసుకోమన్నాడు. "పంక్చరైతే నేనున్నా కదా సార్, ఐదు నిమిషాల పని" అన్నాడు. ఆయన మాటలో మోసమేమీ లేదు. ఆయన షాపు ముందు పంక్చరైతే నిజంగానే అది ఐదు నిమిషాల పని. వంక దగ్గర సాయంత్రం ఆరింటికైతే అది వేరే సంగతి. అప్పుడు మా అమ్మాయి కల్పించుకుంది.

"నాన్నా, తొక్కేది నేను కదా... నన్నడగరా?"

"చెప్పు పాపా" అన్నాడు పెద్దాయన నవ్వుతూ.

"నాకు లుక్ వద్దు. మోత వద్దు. తారు మీద తేలిగ్గా పోవల్ల. వంకలో ఇసుక దగ్గర జారకూడదు. ముల్లు దిగకూడదు. ఇంటికాడ అమ్మ నా కోసం వాకిట్లో నిలబడకూడదు."

నేను డైరీలో రెండు పేజీలు రాసుకున్న లెక్కంతా ఆ నాలుగు మాటల్లో వచ్చేసింది. రెండో టైరే తీసుకున్నాం, రెండు చక్రాలకూ. నిటారుగా వెళ్ళేటప్పుడు నడిమి పట్టీ తారు మీద నున్నగా దొర్లుతుంది. ఇసుకలో కాస్త దిగబడగానే పక్క బుడిపెలు పట్టు ఇస్తాయి.

"ఒక్క టైరుకే డబ్బులుంటే ఏ చక్రానికి వేయల్ల?" అని పెద్దాయన్ను అడిగాను. తడుముకోకుండా "ముందుకే సార్" అన్నాడు. వెనుక చక్రం జారితే కాలు ఆనించి నిలదొక్కుకోవచ్చు. ముందు చక్రం జారితే మనిషి నేల మీదే. అందుకే కొత్త టైరు ముందుకు వేసి, ముందున్న బాగున్నదాన్ని వెనుకకు మార్చాలి. చాలామంది అరిగింది వెనుకదే కదా అని కొత్తది వెనుకకే వేయిస్తారు. టైరు మీద బాణం గుర్తుంటే అది చక్రం ముందుకు తిరిగే దిక్కునే చూపాలి. ఇది కూడా ఆయన చెప్పిందే.

గాలి ఎంత కొట్టాలన్నది టైరు మీదే రాసి ఉంటుంది, కనిష్ఠం, గరిష్ఠం అని. గరిష్ఠమే మంచిదనుకోవద్దు. మరీ బిగిస్తే గరుసు దారిలో సైకిలు ఎగిరెగిరి పడుతుంది, పట్టు తగ్గుతుంది. మా అమ్మాయి బరువుకు వెనుక 40, ముందు 35 కుదిరింది. లావు మనిషైతే ఇంకాస్త కావాలి. ఈ సైకిళ్ళకు ఉండేది ఎక్కువగా మోటారు సైకిలుకు ఉండే వాల్వే కాబట్టి పెట్రోలు బంకులోనూ కొట్టించుకోవచ్చు. అయితే ఆ యంత్రం ధాటికి చిన్న ట్యూబు క్షణాల్లో ఉబ్బిపోతుంది. చేతి పంపు, ఒక మీటరు ఇంట్లో ఉంటే నిశ్చింత. ఎంత మంచి ట్యూబయినా గాలి దానంతటదే కొద్దికొద్దిగా తగ్గుతుంది. వారానికోసారి చూడాల్సిందే.

ఓ నాన్న చేసిన టైరు

ఈ గొడవలో ఉండగా తెలిసిన ఓ సంగతి నాకు బాగా నచ్చింది. గాలి టైరును వాడుకలోకి తెచ్చిన జాన్ బాయిడ్ డన్‌లప్ ఇంజినీరు కాదు. ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు. రాళ్ళ వీధిలో గట్టి చక్రాల మూడు చక్రాల బండి తొక్కలేక ఇబ్బంది పడుతున్న కొడుకు కోసం 1887లో రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. 1888లో పేటెంట్ పొందాడు. అంతకు ముందే 1845లో రాబర్ట్ థామ్సన్ అనే ఆయన ఇలాంటిదే కనిపెట్టాడని తేలి ఆ పేటెంట్ నిలవలేదు. అయితేనేం, లోకమంతా తిరుగుతున్నది ఆ నాన్న చేసిన టైరు మీదే. మొదట్లో ఆ టైర్లను చక్రానికి అంటించేసేవారు. పంక్చరైతే ఊడదీయడం పెద్ద తతంగం. 1891లో ఫ్రాన్స్‌లో మిషెలిన్ సోదరులు తేలిగ్గా ఊడదీసే సైకిలు టైరుకు పేటెంట్ తీసుకున్నాకే రోడ్డు పక్కన కూర్చుని ఎవరి పంక్చర్ వాళ్ళు వేసుకునే రోజులొచ్చాయి.

మేమూ ఆ దారే పట్టాం. టైరు ఎంత మంచిదైనా పంక్చర్ రాదని ఎవరూ రాసివ్వరు. కాబట్టి పెద్దాయన దగ్గరే అమ్మాయి అరగంట కూర్చుని పని నేర్చుకుంది. ప్లాస్టిక్ టైరు లీవర్లు రెండు, ఒక స్పేర్ ట్యూబు, చిన్న పంపు. అన్నీ సీటు కింది సంచిలో పట్టేశాయి. ట్యూబు మార్చేముందు టైరు లోపల వేళ్ళతో జాగ్రత్తగా తడమాలని ఆయన మరీ మరీ చెప్పాడు. విరిగిన ముల్లు అందులోనే ఉండిపోతే కొత్త ట్యూబూ పోతుంది. వేలికి గుచ్చుకుంటుందని భయమైతే దూదితో తుడిస్తే సరి, ముల్లున్నచోట దూది చిక్కుకుంటుంది. దారిలో సొల్యూషన్ పూసి ప్యాచ్ వేస్తూ కూర్చోకుండా ట్యూబే మార్చేయాలి. చిల్లుపడ్డదానికి ఇంటికొచ్చాక తీరిగ్గా ప్యాచ్ వేసుకోవచ్చు.

సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు గడిచాయి. ఒక్క పంక్చర్ లేదు. డిసెంబరులో ఓ సాయంత్రం మాత్రం అమ్మాయి అరగంట ఆలస్యంగా వచ్చింది. చేతుల నిండా నల్లటి మసి. వంక దాటాక పల్లేరుకాయ కాదు, కంపముల్లు కాదు, ఎవరో పారేసిన ఇనుప మేకు దిగిందట. దానికి ఏ పొర మాత్రం ఏం చేస్తుంది? రోడ్డు పక్క బండ మీద కూర్చుని, టైరు విప్పి, ట్యూబు మార్చి, గాలి కొట్టుకుని వచ్చింది. మేకును కూడా దాచి తెచ్చి వాళ్ళమ్మ ముందు పెట్టింది.

మా ఆవిడ ఆ మేకును ఇటూ అటూ తిప్పి చూసింది. నేను హాస్టల్ మాట వస్తుందేమోనని చూస్తున్నాను. "కొబ్బరి నూనె రాస్తే గానీ ఆ మసి పోదు. ముందు చేతులు కడుక్కో" అని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత వచ్చిన ఆదివారం నేను పేపరు చదువుకుంటుంటే వాకిట్లోంచి పిలుపు. చూస్తే మా ఆవిడ చీపురు పక్కన పెట్టి, సైకిలు దగ్గర వంగి, బొటనవేలితో టైరు నొక్కి చూస్తోంది.

"ఏమండీ, ఆ పంపు ఎక్కడ పెట్టినారు? ముందు టైరులో గాలి కొంచెం తగ్గినట్టుంది."